పనసపొట్టా... మునగాకా?

ఒకటి పెళ్లి పంక్తిలో పెద్దపీట వేసుకునే కూర. రెండోది పురిటింట్లో బాలింతకు వండిపెట్టే కూర. మొదటిదానికి బజారులో బేరమాడాలి. రెండోదానికి పెరట్లో కొమ్మ వంచితే చాలు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి రెండూ చిన్ననాటి నుంచీ తెలిసిన రుచులే. ఏది రుచి అన్నది ఎవరి నాలుక వారు తేల్చుకుంటారు. ఏది బలం అన్నది మాత్రం అంత తేలికగా తేలదు. ఆ సంగతి తెలుసుకోవాలంటే వంటింట్లోకే కాదు, ఉద్దానం దాకా వెళ్లాలి!

బజారులో కత్తుల చప్పుడు

మాఘ ఫాల్గుణాలు దాటి ఎండలు ముదిరే వేళకు విజయనగరం కూరల బజారులో ఓ చప్పుడు మొదలవుతుంది. టకటకటక... లేత పనసకాయ ముళ్ల తొక్క చెక్కేసి, చేతికీ కత్తికీ నూనె రాసుకుని, కాయను కొడుతూ పొట్టు తీసే చప్పుడది. నూనె రాసుకోకపోతే పాలజిగురు చేతిని వదలదు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి పొట్టు కొట్టడం ఓ పరీక్షగా ఉండేదని పెద్దవాళ్లు నవ్వుతూ చెబుతారు. ఇప్పుడా బెంగ లేదు. కొట్టిన పొట్టును తూకం వేసి సంచిలో పోసిచ్చేవాళ్లు బజారు నిండా ఉన్నారు. 

ఈ కాయల్లో చాలావరకు కొండల మీంచి దిగినవే. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు... 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఈ ఊళ్లు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. కాయలు మాత్రం పాత దారినే పట్నానికి వస్తున్నాయి. పనసతో ఈ ప్రాంతానికి ఉన్న బంధం కూరతో ఆగేది కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తయారయ్యే వీణకు కావలసింది పనస కర్రే. ఒకే దుంగను తొలిచి చేస్తారు కాబట్టి దానికి ‘ఏకాండి వీణ’ అని పేరు. కాయ కంచంలోకి, కలప కచేరీలోకి! 

ఇక కూర సంగతి. పొట్టును ఉప్పు, పసుపు వేసి ఉడికిస్తారు. నీళ్లు వార్చి గట్టిగా పిండుతారు. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు. కాస్త చింతపండు పులుసు. ఉన్నవాళ్లయితే పలాస జీడిపప్పు. అన్నీ అయ్యాక, పొయ్యి మీంచి దింపి, నూరిన ఆవ ముద్ద కలుపుతారు. పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. కలిపిన గంటా గంటన్నర తర్వాత తింటే ముక్కుకెక్కే ఆ ఘాటు... దానికోసమే పంక్తిలో రెండోసారి అడిగేవాళ్లు ఎంతమందో!

పెరట్లో చెట్టు... పురిటింట్లో కూర

మునగను ఇక్కడివాళ్లు ‘ములగ’ అంటారు. ములక్కాడ, ములగాకు. పెరట్లో చెట్టు లేకపోయినా పక్కింటి గోడ మీంచి ఓ కొమ్మ ఇటు వాలుతుంది. కాడలను అమ్ముతారుగానీ ఆకును అడిగితే ఊరికే కోసుకోనిస్తారు. విలువ కట్టకపోవడమే దానికి శాపమైందేమో! బంధువులొచ్చిన రోజున మునగాకు వండితే ‘ఇంట్లో ఇంకేం లేవా’ అనుకుంటారని ఇల్లాలికి బెరుకు.

ఆ ఆకుకే ఆషాఢంలో మర్యాద దక్కుతుంది. ఆ నెలలో ఒక్కసారైనా మునగాకు తినాలన్నది ఆంధ్రదేశంలో పాత మాట. రెండో మర్యాద పురిటింట్లో. ఆకును తెలగపిండితో కలిపి వండి బాలింతకు పెడతారు, పాలు పడతాయని. గానుగలో నువ్వులు ఆడి నూనె తీశాక మిగిలే పిండే తెలగపిండి. నువ్వుల పంటకు ఈ ప్రాంతం పెట్టింది పేరు. ఉత్తరాంధ్రలోనే ఉన్న ఎలమంచిలి వ్యవసాయ పరిశోధన స్థానం నువ్వుల రకాలకు ప్రసిద్ధి. రైతులు సాగు చేసే ‘ఎలమంచిలి’ రకాలు అక్కడ పుట్టినవే.

ఈ కూరకు హంగులు అక్కర్లేదు. మరుగుతున్న నీళ్లలో ఆకు వేసి, సగం ఉడికాక తెలగపిండి, ఉప్పు చల్లి మూతపెడతారు. నీరంతా ఇగిరి పొడిపొడిగా అయ్యాక వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు. అంతే! ఇందులో వార్చి పారబోసేదేమీ లేదని గుర్తుపెట్టుకోండి. ఆ సంగతితో మనకు ముందుముందు పనుంది.

త్రాసులో పెడితే...

మన తిండిలో ఏముందో లెక్కగట్టి చెప్పే సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. అదే జాతీయ పోషకాహార సంస్థ. తమిళనాడులోని కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చింది. అది ప్రచురించిన ఆహార విలువల పట్టికలు దశాబ్దాలుగా డాక్టర్లకీ, పోషకాహార నిపుణులకీ చేతిపుస్తకం. వండని వంద గ్రాములకు ఆ పాత పట్టికలు చెప్పే లెక్క ఇదీ. 

లేత పనసకాయ: 51 కేలరీలు, మాంసకృత్తులు 2.6 గ్రాములు, కాల్షియం 30 మిల్లీగ్రాములు.

మునగాకు: 92 కేలరీలు, మాంసకృత్తులు 6.7 గ్రాములు, కాల్షియం 440 మిల్లీగ్రాములు. దీనికి తోడు మన ఒంట్లో ‘ఎ’ విటమిన్‌గా మారే కెరోటిన్ 6,780 మైక్రోగ్రాములు, ‘సి’ విటమిన్ 220 మిల్లీగ్రాములు.

ఇలా చూస్తే పోటీయే లేదు. కానీ ఇక్కడో తిరకాసు ఉంది. వంద గ్రాముల పనసపొట్టును ఒక మనిషి హాయిగా తినేస్తాడు. వంద గ్రాముల మునగాకు అంటే ఓ పెద్ద మోపు! రెబ్బలు దూసి వండితే ఇంటిల్లిపాదికీ వస్తుంది. మనిషి వాటాకు వచ్చేది పాతిక గ్రాముల ఆకనుకుందాం. అప్పుడు లెక్క మారుతుంది. మాంసకృత్తులు పొట్టులో 2.6 గ్రాములు, ఆకులో 1.7 గ్రాములు. అంటే పొట్టుదే పైచేయి. పోపులోని పప్పులు, జీడిపప్పు కలిస్తే ఇంకాస్త పైకి. కాల్షియంలో మాత్రం పాతిక గ్రాముల ఆకు 110 మిల్లీగ్రాములు ఇస్తుంది. వంద గ్రాముల పొట్టు 30 దగ్గరే ఆగుతుంది. 2017లో ఇదే సంస్థ వెలువరించిన కొత్త పట్టికల్లో మునగాకు కాల్షియం 314కు తగ్గింది. ఆ లెక్కన చూసినా పాతిక గ్రాములకు 78. అప్పటికీ ఆకుదే గెలుపు.

తెలగపిండి చేరితే మాంసకృత్తుల్లోనూ ఆకు కూర ముందుకొస్తుంది. నూనె చాలావరకు పోయిన పిండి కాబట్టి గింజలో కంటే మాంసకృత్తులు చిక్కగా ఉంటాయి. నువ్వుల్లో వంద గ్రాములకు 1,450 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని పాత పట్టికల లెక్క. దాంట్లో చాలాభాగం పైపొట్టులో ఆక్సలేట్లతో ముడిపడి ఉంటుంది కనుక అంతా ఒంటికి పట్టదు. పట్టినంత వరకు లాభమే. పెద్దవాళ్లకు రోజుకు 1,000, బాలింతలకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలన్నది భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసు. పట్టికలేవీ లేని రోజుల్లోనే మన అమ్మమ్మలు ఈ గిన్నెను బాలింత మంచం దగ్గరికి ఎందుకు చేర్చారో ఇప్పుడు అర్థమవుతోంది కదూ!

అలాగని పనసపొట్టును తీసిపారేయక్కర్లేదు. దాని బలం పీచులో ఉంది. కడుపు నిండుతుంది, కేలరీలు తక్కువ. పండిన పనస తొనల్లో వంద గ్రాములకు 88 కేలరీలు, దాదాపు 20 గ్రాముల పిండిపదార్థాలు ఉంటే లేత కాయలో పిండిపదార్థాలు 9.4 గ్రాములే. బరువు తగ్గాలనుకునేవారికి, చక్కెర జబ్బు ఉన్నవారికి తొనల కంటే పొట్టు నయం. ‘శాకాహారుల మాంసం’ అన్న పొగడ్త మాత్రం నమలడానికి సంబంధించిందే తప్ప బలానికి కాదు. బెంగాలీలు లేత పనసను ‘చెట్టు మేక’ అని ముద్దుగా పిలుస్తారు. అమెరికాలో దాన్ని మాంసం ముక్కల బదులు రొట్టెల మధ్య పెట్టి అమ్ముతున్నారు. కేరళ 2018లో పనసను రాష్ట్ర ఫలం చేసుకుంది. పేరెంత పెరిగినా లేత కాయలో మాంసకృత్తులు 2.6 గ్రాములే. ఆ మాటకొస్తే మనం పారేసే పనస పిక్కలే మేలు. వాటిలో 6.6 గ్రాములు ఉన్నాయి!

గిన్నెలో ఏం జరుగుతుంది?

పట్టికలు చెప్పేది పచ్చి కూర లెక్క. మనం తినేది వండిన కూర. పొయ్యెక్కాక ఒక్కో పోషకానిది ఒక్కో దారి. ‘సి’ విటమిన్ వేడికి ఆగదు, నీటిలో కరిగిపోతుంది. మునగాకులోని 220 మిల్లీగ్రాముల్లో సగానికి పైగా వంటలో పోవచ్చు. కెరోటిన్ అలా కాదు. వేడికి చాలావరకు నిలుస్తుంది. ఒంటికి పట్టాలంటే దానికి కాస్త నూనె తోడు కావాలి. కాల్షియం, ఇనుము మంటకు మాయమయ్యేవి కావు. వార్చిన నీళ్లతో మాత్రం కొంత కొట్టుకుపోతాయి.

పనసపొట్టులో జరిగేది అదే. ఉడికించి, వార్చి, పిండేటప్పుడు నీటిలో కరిగే ‘బి’ విటమిన్లు, ‘సి’ విటమిన్, పొటాషియం కొంత తూములో పడతాయి. మునగాకు-తెలగపిండి కూరలో నీరంతా ఇగిరేది గిన్నెలోనే. కరిగింది కూరలోనే ఉండిపోతుంది. 

ఇనుము సంగతి ఇంకో కథ. 2017 పట్టికల ప్రకారం మునగాకులో వంద గ్రాములకు నాలుగున్నర మిల్లీగ్రాముల ఇనుము ఉంది. మన వాటా పాతిక గ్రాములకు మిల్లీగ్రాము పైచిలుకు. వయసులో ఉన్న స్త్రీకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. పైగా ఆకుల్లోని ఇనుము మాంసంలోని ఇనుములా తేలిగ్గా పట్టదు. అందుకే కూర మీద నిమ్మకాయ పిండుకోవడమో, భోజనంలో పచ్చి ఉసిరి ముక్క నంజుకోవడమో మంచిది. పులుపులోని ‘సి’ విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. భోజనం అవగానే తాగే టీ దానికి అడ్డుపడుతుంది.

ఉద్దానంలో లెక్క తిరగబడుతుంది

ఇంతవరకు చదివి ‘అయితే రోజూ మునగాకే’ అని తీర్మానించుకుంటే తొందరపడ్డట్టే. విజయనగరంలో రైలెక్కి ఇచ్ఛాపురం వైపు వెళ్లండి. చీపురుపల్లి, పొందూరు దాటాక ఆమదాలవలస దగ్గర శ్రీకాకుళం రోడ్డు స్టేషను వస్తుంది. ఇంకా ముందుకెళ్తే నౌపడ, ఆ తర్వాత పలాస. అక్కడి నుంచి దారిపొడవునా కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం... పచ్చదనానికి పెట్టింది పేరైన మండలాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసింది. దశాబ్దాల వయసున్న కొబ్బరి, పనస చెట్లు ఒక్క రాత్రిలో కూలాయి. తర్వాత నాటిన మొక్కలు ఎదుగుతున్నాయి.

తుపాను కంటే ముందు నుంచీ ఈ నేలను పట్టి పీడిస్తున్నది కిడ్నీ జబ్బు. చక్కెర జబ్బు, రక్తపోటు లేనివారిని కూడా, పొలం పనులు చేసుకునే మనుషులను అది కుంగదీసింది. నీరా, ఎండలో చాకిరీనా, మరొకటా... ఇదీ కారణం అని ఒక్కదాన్ని వేలెత్తి చూపలేని జబ్బు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాల ద్వారా ఈ ఊళ్లకు తాగునీరు తెచ్చే పథకాన్నీ అదే రోజు ప్రారంభించారు.

కిడ్నీలు బాగున్నంత కాలం ఆకుకూరల్లోని పొటాషియం మనకు మేలే చేస్తుంది. అవి దెబ్బతిన్నాక ఒంట్లో చేరిన పొటాషియం బయటికి పోదు. రక్తంలో మితిమీరితే గుండె లయ తప్పుతుంది. భాస్వరం పేరుకుంటే ఎముకలు దెబ్బతింటాయి. అందుకే జబ్బు ముదిరినవారికి డాక్టర్లు ఆకుకూరలు, కొబ్బరినీళ్లు, నువ్వులు, గింజలు తగ్గించమంటారు. కొబ్బరితోటల మధ్య పుట్టినవాడికి కొబ్బరినీళ్లు వద్దనడం ఎంత కష్టమో చెప్పాలా!

ఇప్పుడు మన రెండు కూరలనూ మళ్లీ చూడండి. ఏదీ పారబోయకుండా వండిన మునగాకు-తెలగపిండి కూర బాలింతకు బలం. కిడ్నీ రోగికి మాత్రం అదే బరువు. ఆకులో పొటాషియం, తెలగపిండిలో భాస్వరం అన్నీ గిన్నెలోనే ఉన్నాయి మరి. సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీరు పారబోసి వండమని కిడ్నీ రోగులకు చెబుతారు. పనసపొట్టును మనవాళ్లు తరతరాలుగా వండుతున్నది ఆ పద్ధతిలోనే! ఇంతకుముందు లోపం అనుకున్నదే ఇక్కడ ఆసరా అవుతోంది. అలాగని రోగికి పనసపొట్టు ధారాళంగా వడ్డించమని కాదు. పనసలోనూ పొటాషియం ఉంది. వార్చడం వల్ల కొంత తగ్గుతుంది తప్ప అంతా పోదు. ఎంత తినొచ్చో రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. ‘సర్వరోగ నివారిణి’ అంటూ బజారులో దొరికే మునగాకు పొడి డబ్బాలను ఆ ఇళ్లు అసలు అడక్కుండా తెచ్చుకోకూడదు.

ఎవరి కంచంలోకి?

ఉద్దానం వెలుపల, కిడ్నీలు బాగున్న ఇళ్లలో మాత్రం మునగాకు కూరను వెనక్కి నెట్టడం నష్టమే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి. పెరట్లో మునగచెట్టు ఉన్న ఊళ్లలోనూ ఇదే పరిస్థితి!

లోపం చెట్టులో లేదు. మునగాకు మనకు గుర్తొచ్చేది ఆషాఢంలో ఒకనాడు, పురుడొచ్చినప్పుడు కొన్నాళ్లు. మధ్యలో ఎదిగే ఆడపిల్ల, కాలేజీకి డబ్బా పట్టుకెళ్లే అమ్మాయి, నెలనెలా రక్తం పోగొట్టుకునే ఇల్లాలు... వీళ్ల కంచంలోకి అది రాదు. ‘వేడి చేస్తుంది’ అని కొందరు, ‘పేదింటి కూర’ అని కొందరు పక్కనపెడతారు. చాలా ఇళ్లలో అందరూ తిన్నాక ఇల్లాలు తింటుంది. అప్పటికి గిన్నెలో కూర అడుగంటి ఉంటుంది. పక్కనే ఒడిశాలో ‘సజనా శాగ’ పేరుతో ఇదే ఆకును మామూలు రోజుల్లో పప్పులోనూ వేపుడులోనూ ఇష్టంగా తింటారు. మన సరిహద్దు గ్రామాలకు అది కొత్తేమీ కాదు.

రక్తహీనతకు మునగాకు మందు కాదు. డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలకు అది ప్రత్యామ్నాయమూ కాదు. వారంలో రెండు మూడుసార్లు వండితే మాత్రలకు తోడు నిలిచే తిండి మాత్రం అవుతుంది.

వండేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి

* మునగాకును రెబ్బలు దూయకముందే కడగండి. దూసి, తరిగాక నీళ్లలో నానబెట్టొద్దు.

* తెలగపిండిని తినడానికని శుభ్రంగా ఆడించే గానుగ దగ్గరే కొనండి. పశువుల దాణా కోసం నిల్వ ఉంచింది వద్దు. బూజు వాసన వస్తే పారేయండి. బూజు విషం ఉడికించినా పోదు.

* పనసపొట్టును మరీ మెత్తగా ఉడికించొద్దు. ఇంట్లో అందరూ ఆరోగ్యవంతులే అయితే నీళ్లు తక్కువ పోసి, ఆవిరి మీద మగ్గించండి. వార్చే పనుండదు, పోషకాలూ పోవు.

* కిడ్నీ జబ్బు ఉన్నవారికి దీనికి విరుద్ధం. ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి పూర్తిగా వార్చాలి. ఆపైన ఎంత పెట్టాలో డాక్టరు మాట.

* రెండు కూరల్లోనూ ఉప్పు చెయ్యి తగ్గించండి. ఆవ, వెల్లుల్లి ఘాటు ఆ లోటు తెలియనివ్వదు.

ఇంతకీ పొట్టు గొప్పా, ఆకు గొప్పా? వేసవిలో పెళ్లిళ్లు మొదలయ్యాక ఆవ పెట్టిన పనసపొట్టును ఎవరూ వదులుకోనక్కర్లేదు. అది నోటికి పండుగ, పొట్టకు తేలిక. కానీ ఇంట్లో ఎదిగే పిల్లా, చంటిబిడ్డ తల్లీ ఉంటే మామూలు మంగళవారం నాడు కూడా పొయ్యి మీద ఉండాల్సింది మునగాకే. ఇల్లాలు ఆఖరున కూర్చునే ఇల్లయితే ఆమె వాటా ముందే ఓ గిన్నెలో తీసి పక్కన పెట్టండి.